దొరగారు బాగున్నారు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని గురించి సామెత ఎవరూ కట్టలేదు, కట్టడానికి ధైర్యం చాలక అయ్యుంటుంది. ఆ ఇంట్లో మాత్రం సామెత అవసరం లేకుండానే ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ ఇంటి పిల్ల చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని తిననంటే తినేది కాదు, వాకిట్లో నిలబడి కదలనంటే కదిలేది కాదు. మేనత్త విసిగిపోయి "మొండీ" అని పిలవడం మొదలుపెట్టింది. పిలిచిన అత్తయ్య జుట్టు నెరిసింది గానీ పిలుపు మారలేదు, పిలిపించుకున్న మనిషి అసలే మారలేదు.

అత్తయ్యది పిల్లుల్ని చూసుకునే వ్యాపారం. ఎవరైనా ఊరెళితే వాళ్ల పిల్లిని వాళ్లింట్లోనే ఉంచి, పూటపూటా వెళ్లి తిండి పెట్టాలి, నీళ్లు మార్చాలి, ఇసుక తట్ట శుభ్రం చెయ్యాలి, కాసేపు ఆడించాలి, ఫోటో తీసి ఇంటివాళ్లకు పంపాలి. ఇందులో వెళ్లడం, పెట్టడం, మార్చడం, ఎత్తిపొయ్యడం, చేతుల నిండా గీరించుకోవడం మొండి వంతు. ఫోటో పంపడం అత్తయ్య వంతు. అత్తయ్య లెక్కలో అసలు వ్యాపారం ఆ చివరిదే.

"ఇంటివాళ్లు మనకప్పగించేది పిల్లినే గానీ, మన దగ్గర పుచ్చుకునేది మనశ్శాంతి. అది మాత్రం చెడగొట్టకు," అనేది.

ఆ మనశ్శాంతి తయారుచేయడానికి ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. తాళంచెవి పుచ్చుకోవడానికి వెళ్లిన మొదటిరోజే అత్తయ్య కూడా వెంట వచ్చేది. పిల్లిని సోఫాలో ఒకసారి, కిటికీలో ఒకసారి, గిన్నె ముందు ఒకసారి, దిండు గలీబు మార్చి ఒకసారి, కర్టెన్ జరిపి ఇంకోసారి కూర్చోబెట్టి ఫోటోలు తీసేసేది. అవి నిల్వ. ఇంటివాళ్లు ఊరెళ్లాక రోజుకొకటి నిల్వలోంచి తీసి పంపడమే. కింద పిల్లి గొంతుతో నాలుగు ముక్కలు రాసేది. "అమ్మా, నేను బాగున్నాను. పాలు తాగాను. నువ్వు బెంగపడకు." ఇంటివాళ్లు అవి చదివి కళ్లు తుడుచుకుని, ఇంకో పదిమందికి అత్తయ్య నంబరు ఇచ్చేవాళ్లు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉండేది.

"పిల్లి మాట్లాడదు అత్తయ్యా. మాట్లాడినా ఇంత తియ్యగా మాట్లాడదు," అనేది మొండి.

"నువ్వు పిల్లివా? దాని మనసు నీకు తెలుసా?"

"నీకు తెలుసా?"

"తెలియకపోతే ఇన్నాళ్లు అన్నం ఎలా తిన్నామే!"

ఈ వాదన వారానికోసారైనా జరిగేది, ఎప్పుడూ తేలేది కాదు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడటం లేదనుకుంటుందట. అత్తయ్య అన్ని పిల్లుల మధ్య తిరిగి ఆ ఒక్క విద్యా వాటి దగ్గర బాగానే నేర్చుకుంది.

అసలు "బాగున్నాడు" అన్న మాట వింటేనే మొండికి ఒళ్లుమంట. దానికి కారణం ఉంది. స్కూలు ఆఖరి పరీక్షలప్పుడు వాళ్ల నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. తల్లి అంతకుముందే పోయింది. అత్తయ్య పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి సాయంత్రం వచ్చేది. పిల్ల గుమ్మంలోనే పట్టుకుని అడిగేది, నాన్నెలా ఉన్నాడని. "మీ నాన్నకేమే, బాగున్నాడు. పాలు తాగాడు. నిన్ను బాగా రాయమన్నాడు." పిల్ల బాగానే రాసింది. ఆఖరి పరీక్ష రాసి వేళ్లకు సిరాతో ఇంటికొస్తే గుమ్మం బయట ఊరందరి చెప్పులూ ఉన్నాయి. వాటిని చూశాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే కంచుకాగులో నీళ్లు తోడుకుని బతికారు గానీ ఆ సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

ఇక దొరగారి దగ్గరికి వద్దాం. దొర లెక్చరరు గారి పిల్లి. రాగిరంగు, బొద్దు మనిషి, మనిషనే అనాలి, ఎందుకంటే గదిలోకి ఎవరొచ్చినా లేవకుండా చెవి ఒక్కటి తిప్పి, సరే వచ్చావుగా అన్నట్టు చూసేవాడు. అందుకే దొర. లెక్చరరు గారు కాలేజీలో ఎంతమందిని గడగడలాడించినా ఇంట్లో దొరగారి ముందు చేతులు కట్టుకునే ఉండేది. ఆవిడ కూతురికి పురుడొచ్చే వేళయింది. దూరపు ఊరు. పెట్టె సర్దుకుంటూ ఒక చేత్తో మొండికి తాళంచెవి ఇచ్చి, ఇంకో చేత్తో దొర తల నిమురుతూ వంద జాగ్రత్తలు చెప్పింది. ఆ హడావిడిలోనే అత్తయ్య తన నిల్వ పని కానిచ్చేసింది. "అయ్యో, ఎంత ముచ్చటగా తీస్తున్నారండీ," అని లెక్చరరు గారు మురిసిపోయింది కూడా.

కొన్నాళ్లు అంతా సాఫీగా గడిచింది. ఒక సాయంత్రం మొండి ఇసుక తట్ట ముందు చిల్లుల గరిట పట్టుకుని కూర్చుంది. పిల్లి పాస్ పోస్తే ఆ ఇసుక ముద్ద కడుతుంది. ముద్దని గరిటతో ఎత్తి పారెయ్యాలి. ఆ సాయంత్రం ఎత్తడానికి ఏమీ లేదు. ఇసుకంతా గోళ్లతో దున్నినట్టుంది గానీ పొడిగా ఉంది. దొర సోఫా కింద ఉన్నాడు. ఆయన సోఫా మీద ఉండే మనిషి.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య టీ తాగుతూ, "ఎండలు కదే, నీళ్లు తక్కువ తాగుంటాడు," అంది.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి దొర తట్టలోనే కూర్చుని ఉన్నాడు. వంగి ముక్కుతున్నాడు. ఒక్క చుక్క రావడం లేదు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ తట్టలోకే వెళ్లి, గొంతులోంచి ఒక అరుపు అరిచాడు. అంతవరకూ మొండి ఆయన నోట అరుపనేది విననే లేదు. వంటగదిలో నేలమీద పచ్చగా కక్కి ఉంది. పొట్ట మీద చెయ్యి వెయ్యబోతే గోళ్లు దించాడు. మొండి చెయ్యి తీసుకోకుండా మళ్లీ తాకి చూసింది. పొట్ట గట్టిగా బిగిసిపోయి ఉంది.

పొడి ఇసుకని, కక్కినదాన్ని, తట్టలో ముడుచుకున్న దొరనీ ఫోటోలు తీసి అత్తయ్యకు పంపింది. వెంటనే ఫోను మోగింది.

"ఛీ ఛీ, ఇవేం ఫోటోలే పొద్దున్నే!"

"లెక్చరరు గారికి పంపు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆవిడ పురిటి గదిలో కూతురి పక్కన కూర్చునుంది. అలాంటి మనిషికి పిల్లి ఉచ్చపోయలేదని కబురు పంపుతావా? నేను ఇందాకే కిటికీది పంపేశాను. ఎంత సంబరపడిందో తెలుసా?"

"కిటికీదా? వీడు తట్టలోంచి లేవలేకపోతుంటే కిటికీది పంపావా?"

"తీసుకెళ్తే తీసుకెళ్లు, ఎవరొద్దన్నారు? మందేదో పోయించు. తగ్గాక చెప్దాం, తగ్గిపోయిందని. ఎవరికే నష్టం?"

"తగ్గకపోతే?"

అత్తయ్య గొంతు మారింది. "చూడు మొండీ. కస్టమర్లతో మాట్లాడేది నేను. నన్ను కాదని ఆవిడకి ఫోన్ చేశావో, మళ్లీ నా గడప తొక్కకు."

"గడప ఎక్కడికీ పోదుగా అత్తయ్యా. తర్వాత చూసుకుందాం," అని మొండి ఫోన్ పెట్టేసింది. దొరని తువ్వాల్లో చుట్టి, బుట్టలో పెట్టి, ఆటో ఎక్కింది.

పశువుల డాక్టరు పొట్ట ఒకసారి నొక్కి చూసి ఇంకేమీ చూడలేదు.

"మూత్రం దారి మూసుకుపోయింది. మగ పిల్లులకి వస్తుంటుంది. మత్తిచ్చి సన్న గొట్టం వేసి తియ్యాలి. సాయంత్రం దాకా ఆగితే గుండె మీదికొస్తుంది. పిల్లి నీదేనా అమ్మా?"

"కాదండీ. చూసుకునేదాన్ని."

"అయితే ఇంటివాళ్ల మాట కావాలి. వయసైన పిల్లి, మత్తులోంచి లేవకపోయే ప్రమాదమూ ఉంది. అది వాళ్లకి తెలిసి, వాళ్లు సరేనంటేనే నేను సూది పట్టుకుంటాను. తొందరగా మాట్లాడు."

మొండి వరండాలోకొచ్చి ఫోన్ చేసింది. ఎవరు మాట్లాడుతున్నారో, ఎక్కడినుంచో, దొరకేమైందో, డాక్టరేమన్నాడో ఒక్క గుక్కలో చెప్పేసింది. చావు కబురు చల్లగా చెప్పడం దానికి చేతకాదు. వేడివేడిగా చెప్పింది.

అవతల లెక్చరరు గారు చిన్నగా నవ్వింది. "నువ్వు వేరే పిల్లి సంగతి చెబుతున్నట్టున్నావమ్మా. మీ అత్తయ్య గారు ఇందాకే ఫోటో పంపారు. మా దొర కిటికీలో ఎండ కాగుతున్నాడు. 'అమ్మమ్మవి అవుతున్నావటగా, నన్ను మర్చిపోకు' అని కూడా రాశాడు పాపం. నాకు కళ్లనీళ్లాగలేదు."

"ఆ ఫోటో ఇవాళ్టిది కాదండీ."

"ఇవాళే వచ్చింది."

"రావడం ఇవాళే వచ్చింది. తియ్యడం ఇవాళ తియ్యలేదు."

నవ్వు ఆగిపోయింది. క్లాసులో వెనక బెంచీవాళ్లతో మాట్లాడే గొంతొకటి బయటికొచ్చింది. "చూడమ్మాయ్. వాడికి ఇదివరకోసారి పంటికని మత్తిచ్చారు. తేరుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో కళ్లారా చూశాను. ఇంకోసారి ఇవ్వనివ్వను. ఆ డాక్టరు ఏదో భయపెడుతున్నాడు, నువ్వు చిన్నపిల్లవి, నమ్మేస్తున్నావు. మీ అత్తయ్య గారు అనుభవమున్న మనిషి. ఆవిడకి లేని కంగారు నీకెందుకు? నేనొచ్చేదాకా వాణ్ని ఎవరూ ముట్టుకోవద్దు."

నిల్వ ఫోటో ఒక్కటి, నిజం ముందు అడ్డంగా కూర్చుంది. దాన్ని పక్కకు జరపాలంటే ఒకటే దారి. అది చెప్తే అత్తయ్య ఇన్నేళ్లు కట్టుకున్నదంతా ఈ వరండాలోనే కూలుతుంది. ఏదో సర్దిచెప్పి, ఫోటో పొద్దుటిది, జబ్బు ఇప్పుడే మొదలైంది అని కూడా అనొచ్చు. అంటే అత్తయ్య బతుకుతుంది, బహుశా దొరా బతుకుతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పిల్లి గొంతుతో తియ్యగా రాసే మాటలన్నీ ఇలాగే పుడతాయి కాబోలు అనిపించింది. నాలుక కరుచుకుని ఆ మాట మింగేసింది. ఆ కిటికీ ఫోటో తీసినప్పుడు పక్కన ఏముందో గుర్తొచ్చింది, అత్తయ్య ఆ మూల కత్తిరించకుండా ఉంటే చాలు.

"మేడం, ఆ ఫోటో ఒక్కసారి తెరిచి చూడండి. దొరని చూడకండి. ఎడమ పక్క, గోడ మూలకి చూడండి."

"ఏముందక్కడ?"

"మీ పెట్టె ఉంది. నీలం పెట్టె. పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టుంది. బస్సులో ఎవరిదో అనుకోకుండా గుర్తుకోసం నా ముందే కట్టారు మీరు. ఆ పెట్టె ఇప్పుడెక్కడుందండీ?"

అవతల ఎవరో నర్సు ఎవర్నో పిలవడం దూరంగా వినబడింది.

"నా కాళ్ల దగ్గరుంది," అంది లెక్చరరు గారు. అది గడగడలాడించే గొంతు కాదు.

అత్తయ్య ఎప్పుడూ అంచులు కత్తిరించి గానీ ఫోటో పంపదు. పురుటి కబురు తనకూ సంతోషమే కదా, ఆ సంతోషంలో అమ్మమ్మ మాట రాయడం మీద ధ్యాస పెట్టి, మూల చూసుకోలేదు.

"మరి మిగతావి?" అంది లెక్చరరు గారు. "నాకు రోజూ వచ్చినవి?"

"అన్నీ ఆ రోజువే."

"గలీబులు వేరు కదమ్మా..."

"మార్చి తీశాం."

ఇంకేమైనా అంటుందేమోనని మొండి చూడలేదు. వీడియో పెట్టి లోపలికి నడిచి, బల్లమీద దొర ముందు ఫోను పట్టుకుంది. "దొరా," అంది లెక్చరరు గారు. దొర తల ఎత్తలేదు. చెవి ఒక్కటి తిప్పాడు.

ఆవిడ ఆ చెవిని గుర్తుపట్టింది. "డాక్టరు గారూ, మత్తివ్వండి. ఏం చెయ్యాలో అది చెయ్యండి. ఏం జరిగినా బాధ్యత నాది." తర్వాత మొండితో అంది. "నువ్వు అక్కడే ఉండు. బాగుంటే బాగుందని చెప్పు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు. నేను తట్టుకోగలను. అబద్ధాన్నే తట్టుకోలేను."

తలుపు మూసుకుంది. మొండి వరండాలో బెంచీ మీద కూర్చుంది. చేతిమీద దొర పెట్టిన గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

అత్తయ్య వచ్చేసరికి ఎండ దిగింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కొంప ముంచావు కదే! ఆవిడ నన్నెంతేసి మాటలందో తెలుసా? మోసగత్తెనట! ఆవిడ నంబరిచ్చిన వాళ్లందరికీ తనే చెప్తానంది. ఇన్నేళ్లలో ఒక్క పిల్లికి ఒక్క పూట తిండి ఎగ్గొట్టామా? ఎవరి ఇంట్లోనైనా చెంచా ముట్టుకున్నామా? పోయింది. అంతా పోయింది. కన్నకూతురిలా పెంచినందుకు మంచి బుద్ధే చెప్పావు."

"మళ్లీ చేస్తాను అత్తయ్యా."

"ఏంటి?"

"రేపు ఇంకో పిల్లికి ఇలాగే అయితే, రేపూ ఇదే చేస్తాను. ఎల్లుండీ చేస్తాను. నువ్వు గడప తొక్కనివ్వకపోతే బయట నిలబడి చేస్తాను."

"పదిమంది మనసులు చల్లగా ఉంచాలనుకోవడం తప్పా? దూరాన ఉన్నవాళ్లు, చేతిలో ఏమీ లేనివాళ్లు. తెలిసి మాత్రం ఏం చెయ్యగలరే? ఏడవడం తప్ప?"

"ఏడుస్తారు. ఏడవనివ్వు. అది వాళ్ల ఏడుపు. నువ్వెందుకు దాచుకుంటావు?"

ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, మాట పిల్లిని దాటి పోయిందని. అత్తయ్య బెంచీ అంచున కూర్చుంది. చాలాసేపు పైట కొంగు మడతలు పెట్టింది, విప్పింది.

"ఆ రోజు నీకు చెప్పుంటే ఏమయ్యేదే?" అంది చివరికి. "పరీక్ష పాడయ్యేది. అంతేగా."

"పాడయ్యేది," అంది మొండి. "నాన్నని చూసేదాన్ని."

అంది, కళ్లు తిప్పుకోలేదు. ఇన్నేళ్లు దిగమింగుకున్న మాట. గట్టిగా అరుస్తానేమో అనుకునేది ఎప్పుడూ. తీరా వస్తే మామూలు గొంతుతోనే వచ్చింది.

అత్తయ్య తల వంచుకుంది. "వాడూ అడిగేవాడే. రోజూ అడిగేవాడు, పిల్ల ఎలా ఉందని. వాడికీ అదే చెప్పాను. బాగుంది, బాగా రాస్తోంది, నువ్వు బెంగపడకు అని." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఇక్కడ నువ్వు తిండి మానేసి కూర్చునేదానివి. అక్కడ వాడు నీళ్లు కూడా దిగక... మీ ఇద్దరికీ మధ్య నేనొక్కదాన్ని తిరిగానే. ఇంకేం మాట తేను?"

మొండికి కోపం తగ్గలేదు. ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. క్షమించేసింది, కౌగిలించుకుంది అని రాస్తే అది కూడా నిల్వ ఫోటోయే అవుతుంది. అయితే ఆ కోపం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య బస్సులో, రెండు అబద్ధాలు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఒక ఆడమనిషి. ఆమె మొండికి అంతకుముందెప్పుడూ కనబడలేదు.

తలుపు తెరిచి డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "గొట్టం వేశాం. దారి తెరుచుకుంది. మత్తులోంచి మాత్రం ఇంకా లేవలేదు. లేస్తాడనే అనుకుంటున్నాను. మాటివ్వలేను."

లోపల బల్లమీద దొర పక్కకు వాలి ఉన్నాడు. నాలుక కొంచెం బయటికొచ్చింది. పొట్ట మీద వెంట్రుకలు గొరిగిన చోట చర్మం పాలిపోయి ఉంది. దొరతనం ఎక్కడా లేదు. మొండి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు ఒక ఫోటో తీసింది. మూలలు కత్తిరించలేదు.

అత్తయ్య చేతిలో ఫోను గంట మోగింది. లెక్చరరు గారు. ఎంత తిట్టినా వేలు అలవాటుగా ఆ నంబరుకే పోయినట్టుంది. ఒకే ముక్క రాసింది. "ఎలా ఉన్నాడు?"

అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. "బాగు" అని రాసింది. ఆగింది. బల్ల వైపు చూసింది. ఒక్కో అక్షరం చెరిపేసి, ఫోను మొండి చేతిలో పెట్టింది.

"నువ్వు రాయి. నాకు చేతకాదు."

మొండి ఆ ఫోటో పెట్టి, కింద రాసింది. "ఇంకా లేవలేదు. ఊపిరి తీస్తున్నాడు. లేస్తాడో లేదో డాక్టరు గారు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను."

అత్తయ్య ఫోను వెనక్కి తీసుకుని చదివింది. పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది. ఆఖరి వాక్యం దగ్గర వేలు చాలాసేపు ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్క ముక్క కూడా మార్చకుండా, తనే పంపింది.